పథిక్ తిరగబడకూడదు

హరిణి ఒకచోట కూర్చుని అన్నం తినగా వాళ్ళమ్మ చూసి చాలా ఏళ్ళయింది. కంచం చేత్తో పట్టుకుని వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతూనే తింటుంది. ఉప్పల్‌లో వాళ్ళ అపార్టుమెంటు చిన్నది. అంత చిన్న ఇంట్లోనూ ఆమె ఎప్పుడు ఏ గదిలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. "జర సేపు కూసుంటే ఏం పోతదే నీకు," అంటుంది అమ్మ. హరిణి నవ్వి, చెయ్యి కడుక్కుని, స్కూటీ తాళాలు తీసుకుని వెళ్ళిపోతుంది.

ఆమె పని మాత్రం రోజంతా కదలకుండా కూర్చుని చేసేది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకప్పుడు ప్లాస్టిక్ బకెట్లు అచ్చుపోసిన షెడ్డులో ఇప్పుడొక గేమింగ్ స్టూడియో ఉంది. అక్కడ హరిణి కార్లు తయారుచేస్తుంది, కంప్యూటర్లో. ఎక్కడో దేశాల్లో అమ్ముడయ్యే రేసింగ్ గేముల్లో పరిగెత్తే కార్లు అవి. తలుపు సందు ఎంత, హెడ్‌లైటు లోపలి గీతలెన్ని, సీటు మీది కుట్టు ఎటు తిరిగింది, అన్నీ అసలు కారులో ఉన్నట్టే ఉండాలి. ఒక్కో కారుకు నెలలు పడుతుంది.

గేము ఆడేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. కారును ఉన్నది ఉన్నట్టు చేయడం ఒక ఎత్తు, ఆ కారు కంపెనీ దాన్ని ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. పేరు, ముద్ర, ఆకారం అన్నీ కంపెనీవే. వాడుకోవాలంటే ఒప్పందం కావాలి. ఒప్పందం వెంట షరతులు వస్తాయి. ఒక కంపెనీ తన కారుకు గీతలు పడితే సరేనంటుంది, పైకప్పు సొట్ట పడితే ఒప్పుకోదు. ఇంకొకటి బంపర్ ఊడొచ్చు గానీ తలుపు ఊడకూడదంటుంది. మంట రాకూడదు. మనుషుల్ని గుద్దకూడదు. దొంగలు ఎక్కకూడదు. తిరగబడకూడదు. ఒకసారి హరిణి చేసిన కారు చూసి, 'ముందు దీపాలు కాస్త కోపంగా ఉన్నాయి, శాంతంగా చేయండి' అని రాసి పంపారు. ఆ శాంతం కోసం రెండు వారాలు కుస్తీ పట్టింది.

ఆ ఒప్పందాలకు గడువు కూడా ఉంటుంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన కార్లన్నీ ఒక గేములో ఉండేవి. గడువు తీరింది, ఎవరూ పొడిగించలేదు. ఒకరోజు ఆ గేమును అమ్మకం నుంచి తీసేశారు. తరువాత ఎవరో చుట్టాలు "నువ్వు చేసిన కార్లు చూపియ్యి" అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. అప్పటినుంచి ఆమెకు లోపల ఒక రకమైన తొందర పట్టుకుంది. ఏ కారు చేస్తున్నా, ఇది కూడా పోతుందా అనిపించేది.

స్టూడియో యజమాని విజయభాస్కర్ రెండేళ్ళ కిందట ఒక కొత్త ఆలోచన చేశాడు. ఎన్నాళ్ళని ఎవరి గేములకో కార్లు చేసిపెడతాం, మన గేము మనమే చేద్దాం అన్నాడు. ఉప్పల్ నుంచి వరంగల్ దాకా రోడ్డు, ఆ రోడ్డు మీద మన బండ్లు. అందరికీ నచ్చింది. కార్ల కంపెనీలకు రాశారు. చాలావరకు జవాబే లేదు. జవాబిచ్చిన ఒక్క కంపెనీ, రోడ్డు మీద గుంతలూ గేదెలూ ఉంటే మా కారు ఇవ్వలేమంది.

"గుంతలు లేకుంటే గది ఉప్పల్ రోడ్డు ఎట్లయితది," అన్నాడు విజయభాస్కర్. "అట్లని పేరు లేని డబ్బాలు పెడితే ఎవడాడుతడు."

అలాంటి రోజుల్లో హరిణి చిలకానగర్ సందులో అడ్డదారిన వెళ్తూ ఆ బండిని చూసింది. పాత కార్ల సామాన్లు అమ్మే దుకాణం ముందు నిలబెట్టి ఉంది. పొట్టిగా, సన్నగా, ఎత్తుగా, అగ్గిపెట్టెను అంచు మీద నిలబెట్టినట్టు. లేత ఆకుపచ్చ రంగు. వెనక తెలుగులోనూ హిందీలోనూ 'పథిక్' అని రాసి ఉంది. కార్లే పనిగా బతికిన హరిణికి అదేం కారో తెలియలేదు. స్కూటీ ఆపి, చుట్టూ తిరిగి చూసింది.

దుకాణం తిరుపతిది. యాభై ఏళ్ళ మనిషి. "నాచారంలనే తయారైంది చెల్లె," అన్నాడు. "వేగవతి మోటార్స్ అని ఉండె. ఒళ్ళంత ఫైబరే. కొన్నేండ్లు నడిచి మూతవడ్డది. గిది మా మామది. నడుస్తున్నది ఊర్ల గిదొక్కటే ఉన్నట్టుంది."

"ఒకసారి ఎక్కొచ్చా అన్న?"

ఆయన ఎక్కించుకుని మల్లాపూర్ వైపు తీసుకెళ్ళాడు. ఇంజను వెనక మోగుతోంది, అద్దాలు గలగలలాడుతున్నాయి. ఒకచోట రోడ్డు ఎడమకు గట్టిగా తిరుగుతుంది. అక్కడ తిరుపతి, "జర తలుపు దిక్కు ఒరుగు," అన్నాడు. ఆమెకు అర్థమయ్యేలోపే ఆమె కిందున్న ఎడమ చక్రం నేలనొదిలి లేచింది. మళ్ళీ చక్రం దబ్బున నేలకు తగిలింది. తిరుపతి హాయిగా నవ్వాడు. "దీని తీరు గంతే. ఒరగాలె, నెమ్మదిగ పోవాలె."

ఆ మలుపులోనే హరిణి నిర్ణయించుకుంది. తరువాతి వారాలు ఆమె ఆ దుకాణం ముందే గడిపింది. టేపు పట్టి కొలిచింది, వందల ఫొటోలు తీసింది, నాలుగు చక్రాల కింద కాటాలు పెట్టి ఎటు ఎంత బరువుందో చూసింది. తిరుపతి చాయ్ తెప్పించి ఇస్తూ ఒక్కటే అడిగాడు. "ఎట్లున్నదో గట్లనే చెయ్యి చెల్లె. సుందరంగ జేయకు."

అలాగే చేసింది. గేములో మొదటిసారి నడిపిన రోజున కారు మొదటి మలుపులోనే పల్టీ కొట్టి, చక్రాలు పైకి తిరుగుతూ ఆగింది. షెడ్డులో అందరూ లేచి వచ్చారు. ప్రతివాడికీ ఇంకోసారి నడపాలనిపించింది. తిరగబడకుండా ఘట్‌కేసర్ దాకా పోయేదెవరని పందేలు మొదలయ్యాయి.

ఇక అనుమతి కావాలి. కంపెనీ మూతపడింది, పెట్టినాయన పోయాడు. కానీ 'పథిక్' అనే పేరు మాత్రం ఇంకా రిజిస్టరై ఉంది. ఆయన కూతురు అరుణకుమారి దాన్ని గడువు తీరినప్పుడల్లా మళ్ళీ ఫీజు కట్టి కాపాడుతూ వచ్చింది. ఆవిడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, హెచ్.ఎం.టి. నగర్‌లో ఒక్కతే ఉంటోంది. హరిణి, విజయభాస్కర్ కలిసి వెళ్ళారు.

ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. వాళ్ళ నాన్నది తెనాలి దగ్గర ఊరట. ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, అది వదిలేసి, మామూలు గుమాస్తా కొనుక్కోగలిగే కారు చేయాలని నాచారంలో షెడ్డు వేశాడట. చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగింది. "ఇన్నేళ్ళకి ఒకరు దాని గురించి అడగడానికి వచ్చారు," అంది.

హరిణి ఉత్సాహం ఆపుకోలేక ఫోన్ తీసి, కారు నడుస్తున్న వీడియో పెట్టింది. ఆకుపచ్చ బండి రోడ్డు మీద వస్తోంది. మలుపు తిరిగింది. పల్టీ కొట్టింది.

అరుణకుమారి ఫోన్‌ను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది.

"బీబీనగర్ దాటాక ఒకటి ఇలాగే పడింది," అంది చివరికి. "మొగుడూ పెళ్ళాం, ఒక పిల్ల. ముగ్గురూ పోయారు. మర్నాడు పేపర్లో ఇలాగే ఫొటో వేశారు, చక్రాలు పైకి. ఆ తర్వాత ఒక్క బండి అమ్ముడుపోలేదు. లారీ అడ్డం వచ్చిందని మా నాన్న పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు." ఫోన్ హరిణి వైపు జరిపింది. "పేరు వాడుకోండి, బండి వాడుకోండి. కానీ అది తిరగబడకూడదు. అది మాత్రం నేను ఒప్పుకోను."

బయటికొచ్చాక విజయభాస్కర్ సంతోషంగానే ఉన్నాడు. "పెద్ద కంపెనీలు అడిగేదే ఈమె అడిగింది. గప్పుడు చేసినవ్ గదా, గిప్పుడు చెయ్యి."

"ఆ కార్లల్ల నేను కూసోలే సార్," అంది హరిణి.

అయినా చేసింది. కారు ఒరగబోయినప్పుడల్లా కనిపించని చెయ్యి ఒకటి పైనుంచి అదిమి నేలకు పట్టి ఉంచేలా లెక్కలు మార్చారు. ఎంత వేగంగా తిప్పినా పథిక్ ఇప్పుడు చక్రం లేపదు. షెడ్డులో దాన్ని నడిపేవాళ్ళు తగ్గిపోయారు. తిరుపతిని పిలిచి చూపిస్తే, ఆయన రెండు మలుపులు తిప్పి స్టీరింగ్ వదిలేశాడు. "గిది నా బండి గాదు," అని లేచాడు.

ఆ వారాల్లో హరిణికి ఎక్కడా నిలకడ లేదు. ఆఫీసులో ప్రతి పది నిమిషాలకూ లేచేది. సాయంత్రం ఇంటికి పోకుండా ఉప్పల్ చౌరస్తా మీద గుండ్రంగా కట్టిన స్కైవాక్ వంతెన ఎక్కి, కింద బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, గుండ్రంగా చుట్టూ తిరిగేది. ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది? చచ్చిపోయిన ముగ్గుర్ని పందేల ఆట చేసింది తనే కదా. మరి తిరుపతి అన్నదాంట్లో మాత్రం తప్పేముంది? ఒక రౌండులో ఆవిడది న్యాయమనిపించేది, ఇంకో రౌండులో ఆయనది.

ఒప్పందం ప్రకారం కారును ఖాయం చేసేముందు అరుణకుమారి చూసి సరేననాలి. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఆటోలో స్టూడియోకు వచ్చింది. తెర ముందు సీటు, స్టీరింగ్, కింద పెడళ్ళు ఉంటే, నేను చూడటం కాదు, నడుపుతానంది. చీర కొంగు నడుముకు దోపుకుని కూర్చుంది. మొదట రెండుసార్లు రోడ్డు పక్కకు పోయింది. తరువాత చెయ్యి కుదిరింది. ఉప్పల్ దాటి, మేడిపల్లి దాటి, రోడ్డు ఖాళీ అయింది. కుడివైపు మలుపు వచ్చింది.

అప్పుడు హరిణి చూసింది. మలుపు రాగానే ఆవిడ ఒళ్ళు దానంతటదే కుడివైపుకు ఒరిగింది. కుర్చీ చేతి మీదికి పూర్తిగా వాలిపోయి స్టీరింగ్ తిప్పింది. తెర మీద కారు నున్నగా తిరిగి పోయింది. ఆవిడ ఆపి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే మలుపు తిప్పింది. మళ్ళీ ఒరిగింది. మూడోసారి కూడా.

"ఇది మా బండి కాదు," అంది.

విజయభాస్కర్ హరిణి వైపు చూశాడు.

"కాలేజీకి రోజూ దాన్లోనే వెళ్ళేదాన్ని. ఇక్కడ చక్రం లేవాలి." ఆవిడ స్టీరింగ్ వదల్లేదు. "నాన్న పక్కన కూర్చుంటే, ఒరుగమ్మా, ఒరుగు, నెమ్మది, అంటూనే ఉండేవాడు."

హరిణి అడగకూడదనుకుంటూనే అడిగింది. "అంటే ఆయనకు తెలుసా ఆంటీ?"

ఆవిడ తెర వైపే చూస్తూ చెప్పింది. "చక్రాల మధ్య దూరం పెంచి కొత్త నమూనా గీశాడు. వచ్చే ఏడు నుంచి అలా చేద్దామనుకున్నాడు. ఈలోపల అది జరిగింది." లేచి కొంగు సరిచేసుకుంది. "నేను అబద్ధపు బండికి ఆ పేరు పెట్టనివ్వలేను. నిజం బండికీ పెట్టనివ్వలేను. మీకు కావాలంటే ఎలా ఉందో అలాగే పెట్టుకోండి. అభ్యంతరం లేదని రాసిస్తాను. పేరు మాత్రం తీసేయండి."

ఆవిడ వెళ్ళాక విజయభాస్కర్ తల పట్టుకున్నాడు. పేరున్న బండే కావాలి, ఇంకోసారి బతిమాలుదాం అన్నాడు. హరిణి ఒప్పుకోలేదు. షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ వాదించింది. "పేరుంటే బండి అబద్ధం సార్. బండి నిజమైతే పేరు లేదు. రెండిట్ల ఏదో ఒకటే దొరుకుతది. నాకు బండే కావాలె." చివరికి ఆయనే తగ్గాడు. పథిక్ వెనక ఉన్న అక్షరాలను హరిణి తన చేత్తోనే చెరిపింది. అవి ఉన్నచోట ఫైబరు నున్నగా కనబడేలా రంగు కలిపింది. తన పనిలో అంత చిన్న మార్పుకు అంతసేపు పట్టడం ఎప్పుడూ లేదు. సంగతి తెలిసి తిరుపతి మాట్లాడటం మానేశాడు. "పేరు గీకిన బండిని దొంగబండి అంటరు," అని ఒక్క మెసేజ్ పెట్టాడు.

గేము బయటికి వచ్చింది. గొప్పగా ఏమీ కాలేదు గానీ, ఆడేవాళ్ళు ఆడుతున్నారు. అందరూ ఎక్కువగా ఎంచుకుంటున్నది పేరు లేని ఆ ఆకుపచ్చ బండినే. దాన్ని తిరగబడకుండా నడపడం ఒక విద్య అయింది. కొన్ని వారాలకు జనగామ నుంచి ఆడే ఒకతను కారు వెనక 'పథిక్' అని రాసి ఉన్న అదనపు ఫైలు తయారుచేసి, ఎవరైనా తెచ్చుకుని గేములో అతికించుకునేలా పెట్టాడు. అక్షరాలు తప్పుల్లేకుండా, అసలుదానిలాగే ఉన్నాయి. వందలమంది పెట్టుకున్నారు.

ఒప్పందం ప్రకారం స్టూడియో దాన్ని తీయించాలి. ఆ పని హరిణికే పడింది. తీసెయ్యమని అతనికి రాయబోతూ, అతను కింద రాసిన మాటలు చదివింది. చదివి, రాయడం ఆపి, స్కూటీ తీసుకుని హెచ్.ఎం.టి. నగర్ వెళ్ళింది.

అరుణకుమారి కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. 'ఈ బండి మా తాతకు ఉండె. మలుపు కాడ పిల్లలందర్నీ ఒక్క దిక్కుకు ఒరగమనేటోడు. మేమది ఆట అనుకునేటోళ్ళం. తాత ఉన్నన్ని రోజులు ఒక్కసారి గూడ పడలే.'

ఆవిడ రెండుసార్లు చదివింది. ఫోన్ ఇచ్చేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. "నువ్వు కొలతలు తీసుకున్న బండి ఇంకా నడుస్తోందా? ఎవరి దగ్గరుంది?"

తిరుపతి ఫోన్ ఎత్తడానికే చాలాసేపు పట్టింది. ఎత్తినా, ముందు కోపంగానే మాట్లాడాడు. బండి చేసినాయన బిడ్డ చూస్తానంటోందని చెబితే మెత్తబడ్డాడు. ఆదివారం పొద్దున్నే బండి కడిగి, తుడిచి, ఆవిడ ఇంటి ముందుకు తెచ్చాడు. తాళం ఆవిడ చేతికే ఇచ్చాడు. "మీరే నడుపుండ్రి మేడం. నేను పక్కకు కూసుంట."

హరిణి వెనక కూర్చుంది. నాచారం రోడ్డు ఆదివారం కాబట్టి కొంచెం ఖాళీగా ఉంది. అరుణకుమారి మొదట గేరు వెతుక్కుంది. తరువాత వెతుక్కోలేదు. మల్లాపూర్ దగ్గరి మలుపు వచ్చేసరికి ఆవిడ వేగం తగ్గించి, "ఎడమకు," అంది. ముగ్గురూ ఎడమకు ఒరిగారు. చక్రం లేవలేదు, నేలను అంటుకునే ఉంది. ఆ తరువాత కొంతదూరం పోయి ఆవిడ బండిని పక్కకు ఆపింది.

"లారీ వచ్చిందన్నాడు నాన్న," అంది, రోడ్డు వైపు చూస్తూ. "వచ్చే ఉంటుంది. లారీ వచ్చిందీ నిజమే, చక్రం లేచేదీ నిజమే. రెండోది ఆయన చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ ఏడవలేదు. స్టీరింగ్‌ను అరచేత్తో ఒకసారి తుడిచి, బండి తిప్పింది.

ఆ వారంలోనే పేరుకు సంతకం పెట్టింది. తిరగబడే బండికే. ఒక షరతు పెట్టింది: గేము ప్రకటనల్లో ఎక్కడా తిరగబడ్డ బొమ్మ వాడకూడదు. రెండో షరతు గడువు: రెండేళ్ళు మాత్రమే.

"రెండేళ్ళేనా ఆంటీ?" అంది హరిణి. గడువు తీరి మాయమైన తన పాత కార్లు గుర్తొచ్చాయి.

"రెండేళ్ళకోసారి నువ్వొచ్చి అడగాలి కదా," అంది ఆవిడ. "అడిగితే ఇస్తాను. గడువు లేకపోతే అసలు ఇటు రావేమో అని భయం."

జనగామ అతనికి తీసెయ్యమని రాయనక్కర్లేకపోయింది. హరిణి అతని అక్షరాలనే తీసుకుని, అతని పేరు గేములో వేసి, పథిక్ వెనక పెట్టింది. తిరుపతి వచ్చి చూసి, మలుపు తిప్పి, పల్టీ కొట్టి, తృప్తిగా లేచాడు.

ఇప్పుడు హరిణి ఇంకోదాని వెంట పడింది. ఎప్పుడో అంబర్‌పేట్‌లో ఇద్దరన్నదమ్ములు మూడు చక్రాల వ్యాను ఒకటి తయారుచేసేవారట. వాళ్ళు ఇప్పుడు ఒకే ఇంట్లో పైనొకరు కిందొకరు ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పేరు పెద్దాయనది, బండి చిన్నాయనది. పోయిన శనివారం తిరుపతిని వెంటబెట్టుకుని వెళ్ళింది. పైన పెద్దాయన, దానికి నాలుగో చక్రం లేదని ఎవరైనా నవ్వితే ఒప్పుకోనన్నాడు. కింద చిన్నాయన, నవ్వకపోతే అది మా బండెట్లయితదన్నాడు. వెనక వాకిట్లో తుప్పు పట్టిన వ్యాను కింద పడుకున్న తిరుపతి, "చెల్లె, ఇరుసు మంచిగనే ఉన్నది, జర టేపు ఇటియ్యి," అని కేకేస్తున్నాడు. హరిణి మెట్ల మధ్యలో నిలబడి, ముందు పైకి పోవాలో కిందికి పోవాలో తేల్చుకోలేక, టేపు ఆయన వైపు విసిరి, మళ్ళీ పైకి ఎక్కింది.